సగం బిళ్ల

గత వారం మనం ఫ్యూజును గోడకు ఆనించి నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు.

ఎందుకు నిలబడ్డాడో మరిచిపోయినవాళ్ల కోసం రెండు ముక్కలు. ఫ్యూజు ఒకప్పుడు మంచి ఎలక్ట్రీషియను. ఆ తర్వాత సూదితో మత్తు ఎక్కించుకోవడం మరిగాడు. ఆ సూదుల్లో ఏదో ఒకటి అతని ఒంట్లోకి హెచ్ఐవీని తెచ్చిపెట్టింది. మత్తు మానేశాడు, లేదా మానేశానని అతనంటాడు. సహాయ కేంద్రంలో చేరాడు. రోజూ బిళ్ల వేసుకుంటూ, పరీక్షలో వైరస్ కనబడనంతగా అణిగే దాకా వచ్చాడు. తనలాంటి వాళ్లను సందుల్లో వెతికి పట్టుకొచ్చే ఉద్యోగం అతనికే ఇద్దామని కేంద్రంలో మాటలు కూడా అయ్యాయి. అంతలో కొత్త రక్తపరీక్ష వచ్చింది. అణిగిన వైరస్ లేచి కూర్చుంది. డబ్బాలో బిళ్లల లెక్క సరిగ్గానే ఉంది. రక్తంలోనే మందు జాడ సరిగ్గా లేదు. అంటే బిళ్లలు డబ్బాలోంచి బయటికి వస్తున్నాయి గాని ఇతని కడుపులోకి పోవడం లేదు. “పారేస్తున్నావు. మళ్లీ మొదలెట్టావు,” అంది నర్సు. “ఒక్క పూట కూడా మానలేదు సిస్టర్,” అన్నాడు ఫ్యూజు. మత్తు మానిన మనిషి మాటకు లోకం ఎంత విలువిస్తుందో అంతే విలువిచ్చి, ఆమె అతని అక్కకు కబురు పెట్టింది.

అక్క ఇప్పుడు మెట్లెక్కుతోంది.

ఆ మెట్లు ఇనుపవి. కింద సైకిళ్లు బాగుచేసే షాపు, పైన కేంద్రం. ఎవరెక్కినా షాపువాడికి వినబడుతుంది. ఎక్కేవాళ్లు సిగ్గుపడేవాళ్లయితే వాళ్ల అడుగులు వీధికి వినబడకుండా అతను కావాలని సుత్తి గట్టిగా కొడతాడు. అది అతను చేసే సేవ. తలుపు మీద బోర్డు ‘కుటుంబ సలహా కేంద్రం’ అని ఉంటుంది. జబ్బు పేరు రాస్తే ఎవరూ రారని అలా రాశారు. దాంతో నెలకొకరైనా విడాకుల కోసం వస్తారు. వాళ్లకూ టీ ఇచ్చి, ఏడవనిచ్చి, వకీలు ఎక్కడుంటాడో చెప్పి పంపుతారు. లోపల మూసేసిన సినిమాహాల్లోంచి కొనుక్కొచ్చిన కుర్చీలు వరసగా ఉంటాయి. మూలన కిటికీలాంటి చిన్న కంత. అందులోంచి వాడిన సూది లోపలికి, కొత్త సూది బయటికి, మధ్యలో ప్రశ్నలేమీ లేకుండా. ఆ పక్కన బీరువా. కథంతా ఆ బీరువాలోనే ఉంది.

మందులు పొందేవాళ్లలో చాలామందికి ఇంట్లో చెప్పుకునే ధైర్యం ఉండదు. అందుకని కేంద్రంలో ఒక పద్ధతి పెట్టారు. బిళ్లలను అసలు సీసాలోంచి తీసి పేరు లేని డబ్బాలో పోస్తారు. కదిలిస్తే గలగలమనకుండా పైన దూది కూరుతారు. ఆ డబ్బాతో పాటు ఒక ‘ఇంటిమాట’ కూడా ఇస్తారు. అంటే ఇంట్లో అడిగితే చెప్పాల్సిన మాట. ఒకరికి రక్తపోటు, ఒకరికి నీరసం, ఒకామెకు మోకాళ్ల నొప్పి. ఎవరి ఇంటిమాట ఏమిటో కేంద్రంలో అందరూ గుర్తుపెట్టుకోవాలి. ఒకసారి మోకాళ్ల నొప్పి ఆమె భర్తతో నర్సు రక్తపోటు గురించి మాట్లాడేసి, ఇంట్లో పెద్ద గొడవ తెచ్చిపెట్టింది. అప్పటినుంచి అక్కడ సలహాలు చెప్పే కౌన్సిలరమ్మ ఇంటివాళ్లను లోపలికి రానిచ్చేముందు ఇంటిమాట ఒకసారి అప్పజెప్పిస్తుంది.

“ఫ్యూజుకి ఏమిటి?” అంది ఇప్పుడు కూడా, మెట్ల చప్పుడు వింటూ.

“అలవాటు మానడానికి మందు,” అంది నర్సు.

ఈ ఇంటిమాట అల్లింది కౌన్సిలరమ్మే. ఫ్యూజు మత్తు సంగతి ఇంట్లో ముందే తెలుసు. దాన్ని వాళ్లు ఏడ్చి, తిట్టి, చివరికి మింగేశారు. హెచ్ఐవీ సంగతి తెలిస్తే మాత్రం బావ ఆ పూటే తనను బయటికి గెంటేస్తాడని ఫ్యూజు చెప్పాడు. సరే, తెలిసిన దాని వెనకే తెలియనిదాన్ని దాచుదామంది కౌన్సిలరమ్మ. అబద్ధం ఎంత చిన్నదైతే అంత గట్టిదని ఆమె నమ్మకం. మత్తు మానడానికి ఇచ్చే అసలు మందు కేంద్రం దాటి పోదు. నర్సు కళ్లెదుటే నాలుక కింద పెట్టుకోవాలి. ఆ సంగతి ఇంటివాళ్లకు తెలియాల్సిన పని లేదనుకున్నారు.

అక్క లోపలికి వచ్చింది. మెడలో ఇంకా టేపు వేలాడుతోంది. బట్టలు కుట్టడం ఆమె వృత్తి. మిషను మీంచి లేచిన మనిషి నేరుగా వచ్చేసినట్టుంది. కూర్చోకుండానే తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది.

“ఏరా, మళ్లీ ఏం చేశావు?”

“ఏం చెయ్యలేదక్కా.”

“ఏం చెయ్యకపోతే నన్నెందుకు పిలుస్తారు? నిన్ను చేసుకునే పిల్లను చూడ్డానికా?” అని సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. “చూసుకోండి మేడమ్. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. నా చేత్తో నేనే ఇస్తున్నాను. పైన దూది కూడా మీరు పెట్టిందే.”

“మిమ్మల్ని తప్పు పట్టడానికి కాదమ్మా,” అంది కౌన్సిలరమ్మ. “ముందు కూర్చోండి. మందు ఎలా ఇస్తున్నారో తెలుసుకుందామని.”

“నలిపి, తేనెలో కలిపి ఇస్తున్నాను. మొదట్లో వీడి నోరంతా పూసిపోయి మింగలేకపోయేవాడు కదా. సిస్టరుగారే నలిపి ఇవ్వమన్నారు.”

“ఇప్పుడు నోరు బాగైంది కదా?” అంది నర్సు.

“అయింది. అయినా పొద్దున్నే వచ్చి మిషను పక్కన కూర్చుని నోరు తెరుస్తాడు. గాడిదలా పెరిగాడు, మీసాలు కూడా ఉన్నాయి. ఏం చెయ్యను, చెంచా పెడతాను.”

ఫ్యూజు నేల చూశాడు. సినిమాహాలు కుర్చీల్లో ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. నర్సు లేచి తలుపు దగ్గరికి వేసింది. బిళ్ల చెంచాలో ఉండగా సరే, నోట్లోకి వెళ్లాక ఏమవుతోందన్నదే ఆమె అనుమానం. బుగ్గన దాచి తర్వాత ఉమ్మేసేవాళ్లను ఆమె చాలామందిని చూసింది.

“ఒకసారి ఇక్కడ ఇచ్చి చూపించండి. ఇవాళ్టి మందు ఇంకా వెయ్యలేదుగా?”

“ఎక్కడా, పొద్దున్నుంచీ మీ కబురుతోనే సరిపోయింది,” అంది అక్క. సంచిలోంచి రెండు చెంచాలు, చిన్న తేనె సీసా తీసింది. దర్జీ మనిషి కదా, సంచిలో లేనిదంటూ ఉండదు. తర్వాత కుట్లు విప్పే చిన్న బ్లేడు కూడా తీసింది. డబ్బాలోంచి ఒక బిళ్ల తీసి, గుడ్డముక్క మీద పెట్టి, వేలితో మధ్యభాగం తడిమి చూసుకుంది. బ్లేడు ఆనించి ఒక్క నొక్కు నొక్కింది. బిళ్ల రెండు సగాలైంది. పొడి కూడా రాలలేదు. ఒక సగాన్ని చెంచాలో వేసి రెండో చెంచాతో నలపడం మొదలుపెట్టింది. రెండో సగాన్ని గుడ్డముక్కలో చుట్టి బల్ల మీద తేనె సీసా పక్కన పెట్టుకుంది.

కింద సైకిళ్ల షాపువాడు ఏదో చక్రాన్ని తిప్పి వదిలాడు. అది ఆగేదాకా వినబడింది.

“అదేమిటి?” అంది నర్సు.

“సగం.”

“సగం ఎందుకమ్మా?” అంది కౌన్సిలరమ్మ. జవాబు అప్పటికే ఆమెకు సగం తెలిసిపోయింది.

“మీరే కదా మేడమ్ చెప్పింది. ఇంటివాళ్ల మీటింగులో ఆ మూల నిలబడి చెప్పారు. అలవాటు మానిపించే మందును ఒక్కసారిగా ఆపకూడదు, మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి అని. పక్కనావిడ నిద్రపోతుంటే నేనే మోచేత్తో పొడిచి లేపి వినిపించాను. వీడు తగ్గించమంటే ఒప్పుకోడని తెలుసు, మత్తు మరిగినవాడు మందు కూడా మరుగుతాడు కదా. అందుకని వీడికి చెప్పకుండా తగ్గించాను. వణుకూ రాలేదు, చెమటలూ పట్టలేదు. చూడండి, ఎంత బాగున్నాడో.” అక్క ముఖంలో చాలా కాలానికి ఒక పని సరిగ్గా కుదిరిన మనిషి వెలుగు ఉంది. “పై నెల నుంచి పావు చేద్దామనుకుంటున్నాను.”

ఫ్యూజు గోడ మీంచి మెల్లగా జారి, కింద ఏ బెంచీ లేకపోవడంతో నేల మీదే కూర్చున్నాడు. అతనికి నవ్వు వచ్చింది. ఆ నవ్వు చూసి నర్సుకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“నువ్వు నిజమే చెప్పావు,” అంది అతనితో. ఆమె ఉద్యోగంలో ఆ మాట అనాల్సిన అవసరం తరచుగా రాదు. సరిగ్గా ఎలా అనాలో తెలియక, తిడుతున్నట్టే అంది.

“ఏమైంది? ఏం నిజం?” అంది అక్క, చెంచా పట్టుకుని.

కౌన్సిలరమ్మ ఫ్యూజును సూదుల కంత వెనకనున్న చిన్న గదిలోకి లాక్కెళ్లింది. అక్కడ ఇద్దరు నిలబడితే మూడోవాళ్లకు చోటుండదు.

“ఆ బిళ్ల కోయకూడదని ఆమెకు చెప్పాలి,” అంది.

“చెప్పండి.”

“ఎందుకు కోయకూడదంటే ఏం చెప్పను? నీ సంగతి నేను చెప్పడానికి లేదు. చచ్చినా చెప్పను, అది మా పద్ధతి. నువ్వు చెప్పు. లేకపోతే…” ఆమె ఆగింది. లేకపోతే ఇంకో ఇంటిమాట అల్లుదాం అన్నది నాలుక చివరనే ఉంది. డాక్టరు మందు మార్చాడు, ఇది బలానికి, ఇది కోస్తే విషమవుతుంది. ఏదైనా సరే, అరనిమిషంలో తయారవుతుంది. ఇన్నేళ్లలో ఆమె చేయి తిరిగిన పని అదే.

ఫ్యూజుకు ఆమె ముఖం చదవడం వచ్చు. “అల్లండి మేడమ్,” అన్నాడు. “అదే మంచిది. బావకు తెలిస్తే నా మంచం వీధిలో ఉంటుంది. ఆ మనిషి నా గ్లాసు వేరే పెట్టించాడు, ఉత్త మత్తు అలవాటుకే. ఇది తెలిస్తే గ్లాసుతో పాటు నన్నూ పగలగొడతాడు.”

“సరే. బలానికి అని చెబుదాం.”

“చెప్పండి.”

ఇద్దరూ కదలలేదు. తలుపు సందులోంచి అక్క కనబడుతోంది. నలిపిన సగంలో తేనె చుక్కలు వేసి కలుపుతోంది. చల్లారిపోతుందన్నట్టు చెంచాను చేత్తో కప్పుకుని కూర్చుంది, అది చల్లారే వస్తువు కాకపోయినా.

“రేపు పొద్దున మళ్లీ ఆ మిషను పక్కన నోరు తెరవాలి కదా,” అన్నాడు ఫ్యూజు చివరికి, ఎవరితోనో అన్నట్టు. కౌన్సిలరమ్మను పక్కకు జరిపి బయటికి వెళ్లాడు.

అక్క ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఇంట్లో కూర్చునే చోటు అదేనేమో, అలవాటుగా అక్కడే కూర్చున్నాడు.

“అక్కా, అది మత్తు మానే మందు కాదు.”

“మరి?”

“నాకు హెచ్ఐవీ ఉంది. ఆ బిళ్ల దానికి. రోజుకొకటి మొత్తం వేసుకోవాలి. ఎప్పటికీ వేసుకోవాలి. అది తగ్గించే మందు కాదు.”

అక్క చెంచాలోకి చూసింది. తర్వాత నర్సును చూసింది, కౌన్సిలరమ్మను చూసింది. వాళ్లలో ఎవరూ ఆశ్చర్యపోకపోవడం గమనించింది.

“ఎప్పటి నుంచి?”

“ఇక్కడ చేరినప్పటి నుంచి తెలుసు.”

“అంటే ఇన్నాళ్లూ నీ నోట్లో నేను పెడుతున్నది ఏమిటో నాకు తప్ప అందరికీ తెలుసన్నమాట. ఆ టీ ఇచ్చే ఆయనకు కూడా.”

అవునన్నట్టు నర్సు తలూపింది.

“చెంచా వల్ల రాదక్కా,” అన్నాడు ఫ్యూజు. “కలిసి తిన్నా రాదు. నువ్వు భయపడకు.”

“నోర్ముయ్. నేను చెంచా గురించి ఆలోచించడం లేదు. కోసిన బిళ్లల గురించి ఆలోచిస్తున్నాను.” గొంతు పెద్దది కాలేదు, ఇంకా చిన్నదైంది. “సిస్టరుగారూ, నేను కోసినందువల్ల వీడికేమైంది? సరిగ్గా చెప్పండి. ఇంకో మీటింగు మాట చెప్పొద్దు.”

నర్సు సరిగ్గానే చెప్పింది. అణిగిన వైరస్ మళ్లీ పెరిగింది. సగం మందుతో అది చావకుండా మందును ఓర్చుకోవడం నేర్చుకుంటుంది. నేర్చుకుందో లేదో తెలియాలంటే పెద్ద ఆస్పత్రిలో ఇంకో పరీక్ష చెయ్యాలి. నేర్చుకుని ఉండకపోతే ఇదే బిళ్ల మొత్తం వేసుకుంటే మళ్లీ అణుగుతుంది. నేర్చుకుని ఉంటే వేరే మందులు వెతకాలి. అవి దొరకడం కష్టం, తట్టుకోవడం ఇంకా కష్టం.

“నిజం చెప్పి కోయొద్దంటే కోసేదాన్నా మేడమ్?” అంది అక్క కౌన్సిలరమ్మతో. “వీడి మత్తు సంగతి తెలిసినప్పుడు ఇంట్లోంచి తరిమానా? నా మిషను మోటారు అమ్ముకున్నప్పుడు తరిమానా? ఇది చెబితే తరుముతానని మీకెవరు చెప్పారు?”

కౌన్సిలరమ్మ ఈసారి ఏ మాటా అల్లలేదు. “తప్పు మాదే,” అంది. అది చిన్న మాటే గాని అబద్ధం కాదు.

అక్క డబ్బా మూత తీసి ఇంకో బిళ్ల అందుకోబోయింది. నర్సు ఆపి, బల్ల మీద గుడ్డలో చుట్టి ఉన్నదాన్ని చూపించింది. “కొత్తది ఎందుకు? ఆ రెండో సగం కూడా ఇందులోనే నలపండి. ఇవాళ మొత్తం పడుతుంది.”

అక్క ఆ గుడ్డ మూట వైపు చూసింది. ముఖంలో రంగు ఒక్కసారిగా దిగిపోయింది. తమ్ముడి మాట విన్నప్పుడు కూడా అంతగా దిగలేదు.

“రెండో సగం,” అంది నెమ్మదిగా.

నర్సుకు అప్పుడు తట్టింది. రోజూ ఒక సగమే వాడితే డబ్బాలో బిళ్లలు మిగలాలి. కాని మిగలలేదు, లెక్క సరిపోయింది. “రోజూ ఆ రెండో సగం ఏం చేస్తున్నారమ్మా?”

“ఆయనకు పెడుతున్నాను.”

“ఎవరికి?”

“మా ఆయనకు. కూరలో కలిపి.” బ్లేడును ఇంకో గుడ్డముక్కలో చుడుతూ, విప్పుతూ చెప్పింది. “అలవాటు మానిపించే మందన్నారు కదా. తాగుడు కూడా అలవాటే కదా. గోడౌనులో పనిచేస్తాడు. ఆమధ్య కంపెనీవాళ్లు అందరినీ వరసలో నిలబెట్టి రక్తం తీసి పరీక్షలు చేశారు. అప్పటినుంచి తాగుడు ఎక్కువైంది. తీసిన రక్తానికి బదులు పోస్తున్నాడేమో అనుకున్నాను. ఈ మందు పారెయ్యడం దేనికి, ఒక్క బిళ్లతో ఇంట్లో ఇద్దరూ బాగుపడతారు కదా అనుకున్నాను.”

“ఆయనకేమైనా తేడా చేసిందా?” నర్సు గొంతు జాగ్రత్తగా ఉంది.

“తాగుడు తగ్గింది. కడుపులో ఏదీ నిలవడం లేదు, అందుకని. పిచ్చి పిచ్చి కలలు వస్తున్నాయంటాడు.”

“కళ్లు పచ్చబడ్డాయా?”

“ఎప్పుడూ ఎర్రగా ఉండే కళ్లు పచ్చబడితే ఎలా తెలుస్తుందండీ?”

అది హాస్యానికి అన్న మాట కాదు. ఎవరూ నవ్వలేదు కూడా. ఆయన్ను వెంటనే తీసుకురావాలి, ఒళ్లంతా పరీక్ష చేయించాలి అని నర్సు మొదలుపెట్టింది. ఫ్యూజు తల పట్టుకుని కూర్చున్నాడు. తన రోగం కంటే, బావ కూరలో తన బిళ్ల అన్నదే అతనికి ఎక్కువ భయంగా ఉన్నట్టుంది.

“ఒరేయ్,” అంది అక్క ఉన్నట్టుండి. “నా దారపు కండెల డబ్బా నువ్వు తీశావా?”

“నేనెందుకు తీస్తానక్కా?”

“నిజం చెప్పు. ఆయన అన్నం తినని రోజుల సగాలు అందులోనే దాచాను. పొద్దున చూస్తే మిషను సొరుగు తెరిచి ఉంది, డబ్బా లేదు. నువ్వే మత్తు కోసం మింగేశావనుకున్నాను. ఇక్కడికొచ్చి మీ అందరి ముందు నిన్ను చెప్పుతో కొడదామనే బయల్దేరాను, ఈ హడావిడిలో మరిచాను.”

“ఒట్టు అక్కా. నేను మిషను దగ్గరికే రాలేదు. నువ్వు నిద్ర లేవకముందే ఇక్కడికి వచ్చేశాను.”

ఇంట్లో ఉండేది ముగ్గురే. ఇద్దరు ఇక్కడున్నారు.

అక్క సంచిలో ఫోను మోగింది. చేతులు మిషను మీద ఉండేవాళ్లకు ఫోను చెవిన పెట్టుకునే తీరిక ఉండదు. ఎవరు చేసినా అందరికీ వినబడేలా పెట్టి బల్ల మీద వదిలెయ్యడం ఆమెకు అలవాటు. ఆ అలవాటు కొద్దీ నొక్కి, తేనె సీసా పక్కన పెట్టింది.

“ఎక్కడున్నావు?” బావ గొంతు. తాగి లేడు. అది అక్కకు మొదటి మాటలోనే తెలిసింది.

“కొంచెం పని మీద వచ్చానండీ.”

“నీ కండెల డబ్బా నా దగ్గరుంది.”

ఫ్యూజు నేల మీంచి లేవబోయాడు. నర్సు అతని భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

“సగాలు చేస్తే గుర్తుపట్టలేననుకున్నావా?” అన్నాడు బావ. ఆ గొంతులో కోపం కోసం అందరూ ఎదురుచూశారు, అది లేదు. పట్టుబడిన మనిషి గొంతు అది. “కంపెనీ డాక్టరు ఇవే చూపించి నాకు రాసిచ్చాడు. కొనకుండా చీటీ చింపేశాను. నువ్వు కూరలో కలిపి పెడుతున్నావు. నాకు ఆ జబ్బు ఉందని నీకెవరు చెప్పారు?”

కింద సుత్తి చప్పుడు ఆగిపోయింది. మెట్ల మీద ఎవరూ లేరు. కౌన్సిలరమ్మ చెయ్యి ఫోను ఆపడానికి ముందుకు వెళ్లింది. అక్క ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని మెల్లగా పక్కన పెట్టింది. తర్వాత ఫోను మీదికి వంగింది.

“ఎవరూ చెప్పలేదండీ,” అంది. “ఇప్పుడు మీరే చెప్పారు.”